‘ఆ దేశానికి టూర్లు ఆపండి’ అని అడగాల్సింది ఎవరు?

సైనిక పాలనలో ఉన్న ఒక దేశానికి ట్రావెల్ కంపెనీ ప్యాకేజీ టూర్ అమ్ముతోంది. విమానం టికెట్టు, హోటల్, గైడు, పాత గుడులు, నది మీద పడవ షికారు, అన్నీ కలిపి ఒకటే రేటు. అదే దేశంలో ప్రశ్నించినవాళ్లు జైళ్లలో ఉన్నారు. సైన్యం ఊళ్లను తగలబెడుతోంది. ఆ కంపెనీ టూర్లు ఆపాలా, నడపాలా?

దీనికి సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. పర్యాటకుడు ఖర్చు పెట్టే డబ్బు పాలకుల చేతికే చేరుతుందనీ, టూరిస్టుల రాక ఆ పాలనకు మంచి పేరు తెస్తుందనీ, అందుకే ఆపాలనీ కొందరంటారు. టూర్లు ఆగితే ముందు దెబ్బతినేది గైడు, రిక్షా తొక్కే మనిషి, బొమ్మలమ్ముకునే మనిషి అనీ, బయటివాళ్ల కళ్లు లేకపోతే అణచివేత ఇంకా పెరుగుతుందనీ మరికొందరంటారు. రెండింటిలోనూ నిజం ఉంది. అందుకే ఈ చర్చ ఏళ్ల తరబడి తెగడం లేదు.

ఈ చర్చలో దళిత ఉద్యమం చెప్పదగిన మాట ఒకటుంది. బహిష్కరణ మంచిదా చెడ్డదా అనే ముందు, దాన్ని ఎవరు, ఎవరి మీద, ఎవరు అడిగితే చేస్తున్నారో చూడాలి. ఆ మాటను మనం పుస్తకాల్లో నేర్చుకోలేదు. మన ఊళ్లలో అనుభవించాం.

వెలి వేరు, పోరాటం వేరు

పల్లెల్లో సాంఘిక బహిష్కరణను వెలి అంటాం. పొలం పనికి పిలవరు, కొట్లో సరుకివ్వరు, పాలు పోయరు, ఆటో ఎక్కించుకోరు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపడానికి ముందు జరిగింది కూడా వెలివేతే. దళితులకు కూలి పనులు ఆపేసి ఊరిని రెండుగా చీల్చాకే కత్తులు బయటికి వచ్చాయి.

దీన్ని నేరం చేయాలని చాలా ముందే అడిగినవాడు అంబేడ్కర్. 1930-31లో జరిగిన మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి ఆయన, రెట్టమలై శ్రీనివాసన్ కలిసి ఒక రక్షణల పత్రం ఇచ్చారు. బహిష్కరణను శిక్షించదగిన నేరంగా చూడాలని అందులో కోరారు. బహిష్కరణ అంటే ఏమిటో చెప్పే నిబంధనలను 1922 నాటి బర్మా బహిష్కరణ నిరోధక చట్టం నుంచి తీసుకున్నారు. బర్మాలో జాతీయవాదులు వలస పాలనకు సహకరించేవాళ్లను బహిష్కరిస్తుంటే, దాన్ని అణచడానికి బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన చట్టం అది. ప్రభుత్వం తన రక్షణకు చేసుకున్న చట్టాన్ని అంబేడ్కర్ అంటరానివారి రక్షణ వైపు తిప్పారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ స్పష్టంగా నేరాల జాబితాలో చేరింది. అది 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది.

మరోవైపు, బహిష్కరణ మన చేతిలోనూ ఆయుధమే. 1955 డిసెంబరులో అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో నల్లజాతి ప్రజలు బస్సులెక్కడం మానేసి 381 రోజులు నడిచారు. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు చర్మం తీస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టినప్పుడు, ఆ రాష్ట్రంలో చాలాచోట్ల దళితులు పశువుల కళేబరాలు ఎత్తబోమన్నారు.

బలమున్నవాడు బలం లేనివాడి కూలిని, నీళ్లను, దారిని ఆపితే అది వెలి. బలం లేనివాళ్లు తమ డబ్బును, తమ శ్రమను వెనక్కి తీసుకుంటే అది పోరాటం. ట్రావెల్ కంపెనీ చేసే బహిష్కరణ ఈ రెండింటిలో ఎటువైపు పడుతుంది? కంపెనీ పీడితులలో ఒకటి కాదు. అది బయటి నుంచి వచ్చే డబ్బున్న సంస్థ. కాబట్టి దాని బహిష్కరణకు న్యాయం సొంతంగా రాదు. అక్కడ పోరాడుతున్నవాళ్లు అడిగితేనే వస్తుంది. దీన్ని బాగా చూపించే ఉదాహరణ బర్మానే.

బర్మా: టూరిస్టు కోసం జరిగిన వెట్టి

తీరాంధ్ర జనానికి బర్మా పూర్తిగా పరాయి దేశం కాదు. ఉత్తరాంధ్ర పెద్దల నోట రంగూన్ ‘రంగం’ అయింది. గోదావరి, విశాఖ తీరాల నుంచి ఓడలెక్కి అక్కడికి పోయిన తెలుగు కూలీలను ‘కోరంగీలు’ అని పిలిచేవారు.

1988లో ప్రజాస్వామ్యం కోసం అక్కడి జనం వీధుల్లోకి వస్తే సైన్యం కాల్పులు జరిపింది. వేలమంది చనిపోయారు. 1990 ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూచీ పార్టీ ఎన్‌ఎల్‌డీ భారీ మెజారిటీతో గెలిచినా సైన్యం అధికారం అప్పగించలేదు. ఆ పాలనకు విదేశీ డబ్బు కావాలి, ప్రపంచం ముందు మర్యాద కావాలి. రెండూ టూరిజంతో వస్తాయి. అందుకే 1996ను ‘మయన్మార్ సందర్శన సంవత్సరం’గా ప్రకటించింది.

ఆ సందర్శన కోసం దేశాన్ని ఎలా ముస్తాబు చేశారో చూడండి. వేలాది పాత గుడులున్న బగాన్‌లో, పాత కోటగోడల లోపల కాపురముంటున్న కుటుంబాలను 1990లో ఖాళీ చేయించి ‘కొత్త బగాన్’ అనే చోటికి తరలించారు. మాండలే రాజకోట చుట్టూ ఉన్న కందకంలో పూడిక తీయడానికి మామూలు జనాన్ని, ఖైదీలను దించారు. రోడ్లకు, రైలు మార్గాలకు వెట్టి చేయించారు. 1998లో అంతర్జాతీయ కార్మిక సంస్థ విచారణ కమిషన్, బర్మాలో వెట్టిచాకిరి విస్తృతంగా, ఒక పద్ధతి ప్రకారం జరుగుతోందని తేల్చింది. 2000లో ఆ సంస్థ తన రాజ్యాంగంలోని 33వ అధికరణాన్ని చరిత్రలో మొదటిసారి బర్మా మీద ఉపయోగించింది.

ఇక్కడ ఒకటి గమనించాలి. అణచివేత ఒక పక్క, టూరిజం ఇంకో పక్క నడవలేదు. కొన్నిచోట్ల టూరిస్టు చూడబోయే దృశ్యం కోసమే ఊరు ఖాళీ అయింది, టూరిస్టు కోసమే వెట్టి జరిగింది. అలాంటి చోట ‘మేం రాజకీయాల్లో తలదూర్చం, యాత్రలు మాత్రమే నడుపుతాం’ అనే కంపెనీ మాటకు అర్థం లేదు.

టూరిస్టులు ఇప్పుడు రావొద్దని సూచీ, ఎన్‌ఎల్‌డీ కోరారు. బయటి దేశాల్లోని బర్మా సంఘీభావ సంఘాలు ఆ పిలుపును ట్రావెల్ కంపెనీల దాకా తీసుకెళ్లాయి. కంపెనీలు చీలిపోయాయి. గైడు పుస్తకాలు వేసే రఫ్ గైడ్స్ సంస్థ చాలా ఏళ్లు బర్మా పుస్తకం తేలేదు. లోన్లీ ప్లానెట్ మాత్రం పుస్తకం వేస్తూ, వెళ్లాలా వద్దా అనే చర్చను అందులోనే పెట్టింది, నిరసనలు ఎదుర్కొంది.

బర్మాలో అందరూ ఒకే మాట మీద లేరు. ఒకప్పుడు సూచీకి సహాయకురాలిగా పనిచేసి, అందుకు జైలుకు కూడా వెళ్లిన రచయిత్రి మా థానేగీ బహిష్కరణను బాహాటంగా వ్యతిరేకించారు. దాని భారం పేదల మీద పడుతోందన్నది ఆమె వాదన. పోరాటంలో నష్టపోయిన మనిషి చెప్పిన మాట అది, తేలిగ్గా కొట్టిపారేయలేం.

2010 నవంబరులో సూచీ గృహనిర్బంధం ముగిసింది. 2011 మేలో ఎన్‌ఎల్‌డీ తన పిలుపును మార్చుకుంది. ప్రజల బాగు కోరి సొంతంగా వచ్చేవాళ్లను ఆహ్వానిస్తామని, పెద్ద పెద్ద ప్యాకేజీ టూర్లకు మాత్రం ఒప్పుకోమని చెప్పింది. పిలుపిచ్చినవాళ్లే దాన్ని సడలించారు. ఏ డబ్బు ఎవరికి చేరుతుందో చూసి గీత గీశారు. ఇంతవరకు ఇది చక్కటి పాఠం.

పిలుపిచ్చిన గొంతులో ఎవరు లేరు?

కథ అక్కడితో ఆగలేదు. 2017 ఆగస్టులో సైన్యం రఖైన్ ప్రాంతంలో రోహింగ్యాల మీద విరుచుకుపడింది. 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అప్పటికి సూచీ ప్రభుత్వంలో ఉన్నారు. 2019 డిసెంబరులో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో, జాతిహత్య ఆరోపణకు వ్యతిరేకంగా తన దేశం తరఫున ఆమే నిలబడి వాదించారు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ అధికారం లాక్కుని ఆమెను నిర్బంధించింది.

ఒకప్పుడు ప్రపంచమంతా బర్మా ప్రజల గొంతుగా విన్న గొంతు, 1982 పౌరసత్వ చట్టంతో పౌరులే కాకుండా పోయిన రోహింగ్యాల గొంతు కాలేకపోయింది. మనకిది తెలియని విషయం కాదు. కాంగ్రెస్ గొంతే దేశమంతటి గొంతు అన్నప్పుడు, అందులో అంటరానివారు ఎక్కడున్నారని రౌండ్ టేబుల్ సమావేశాల్లో అంబేడ్కర్ అడిగింది ఇదే ప్రశ్న.

కాబట్టి ‘బాధితులు అడిగారా’ అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. బాధితుల్లో అట్టడుగున ఉన్నవాళ్లు ఏమంటున్నారో కూడా అడగాలి. అందుకని 1990లలోని పిలుపు తప్పయిపోదు. ఒక పార్టీనో ఒక నాయకురాలినో అడిగి కంపెనీ చేతులు దులుపుకోకూడదు. అంతే.

అడిగింది స్పష్టంగా ఉంటే

బహిష్కరణ పనిచేసిన చోట్ల రెండు విషయాలు కనిపిస్తాయి. పిలుపు లోపలి నుంచి వచ్చింది. ఏం జరిగితే ఆపుతారో ముందే తెలుసు.

దక్షిణాఫ్రికాలో ఏఎన్‌సీ నాయకుడు ఆల్బర్ట్ లుతూలీ 1959లోనే బయటి ప్రపంచాన్ని బహిష్కరణ కోరారు. దానివల్ల నల్లజాతి ప్రజలకు కష్టం ఉంటుందని ఆయనకు తెలుసు. రోజూ పడుతున్న బాధ త్వరగా ముగుస్తుందంటే ఆ కష్టానికి సిద్ధమేనన్నారు. అందరూ ఒప్పుకోలేదు. జూలూ నాయకుడు బుథెలెజి ఆంక్షలను వ్యతిరేకించారు. అయినా ఉద్యమంలో అత్యధికులు ఆ పిలుపు వెనుక నిలిచారు. 1960ల నుంచి చాలా ఆఫ్రికా దేశాలు దక్షిణాఫ్రికా విమానాలను తమ మీదుగా పోనివ్వలేదు. యూరప్ వెళ్లాలంటే అవి ఖండం పడమటి తీరం చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చేది. 1986లో అమెరికా చట్టం చేసి ఆ విమానాలు తమ నేల మీద దిగకుండా ఆపింది. మన దేశం 1946లోనే ఆ ప్రభుత్వంతో వ్యాపారం తెంచుకుంది.

జాతివివక్ష ప్రభుత్వం ‘స్వతంత్ర దేశం’ అని పేరుపెట్టిన బోఫుతత్స్వానాలో 1979లో సన్ సిటీ అనే భారీ విలాస కేంద్రం తెరిచారు. నల్లజాతి ప్రజల పౌరసత్వం లాక్కోవడానికి సృష్టించిన ఉత్తుత్తి దేశం అది. అక్కడ పాడబోమని 1985లో పేరున్న సంగీతకారులు కలిసి ప్రకటించారు. ‘ఇక్కడికి రాలేం’ అన్న ఒక్క మాటతో, ఆ విహారస్థలం వెనకున్న మోసం ప్రపంచానికి తెలిసింది.

అమెరికాలోని అరిజోనాది ఇంకో ఉదాహరణ. మార్టిన్ లూథర్ కింగ్ జయంతిని సెలవుదినం చేయడాన్ని 1990లో అక్కడి ఓటర్లు తిరస్కరించారు. 1993లో ఆ రాష్ట్రంలో జరగాల్సిన సూపర్ బౌల్ పోటీని నిర్వాహకులు కాలిఫోర్నియాకు మార్చేశారు. 1992లో మళ్లీ ఓటింగ్ పెడితే సెలవు గెలిచింది. 1996లో సూపర్ బౌల్ అరిజోనాకు వచ్చింది. అడిగింది ఒక్కటి, అది జరిగింది, బహిష్కరణ ముగిసింది.

కంపెనీ మాటను ఎంతవరకు నమ్మాలి?

2018 నవంబరులో ఎయిర్‌బీఎన్‌బీ, వెస్ట్ బ్యాంక్‌లోని ఇజ్రాయెలీ సెటిల్‌మెంట్లలో ఉన్న సుమారు 200 ఇళ్లను తన జాబితా నుంచి తీసేస్తానంది. కోర్టు కేసులు పడ్డాయి. 2019 ఏప్రిల్‌లో నిర్ణయం వెనక్కి తీసుకుని, ఆ లాభాన్ని మానవతా సంస్థలకు ఇస్తానంది. 2020 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం, సెటిల్‌మెంట్లతో వ్యాపార సంబంధాలున్న 112 కంపెనీల జాబితా విడుదల చేసింది. ఎయిర్‌బీఎన్‌బీ, బుకింగ్.కామ్, ఎక్స్‌పీడియా, ట్రిప్అడ్వైజర్ అందులో ఉన్నాయి.

తన మనస్సాక్షితో మాత్రమే నిర్ణయం తీసుకున్న కంపెనీ, ఎదురుదెబ్బ తగిలితే అదే మనస్సాక్షితో వెనక్కి తగ్గగలదు. దాన్ని నిలబెట్టేది బయటి ఒత్తిడి, నియమాలు. 2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన వ్యాపార మార్గదర్శక సూత్రాలు ఇక్కడ పనికొస్తాయి. అవి ‘దేశాన్ని వదిలేయండి’ అని చెప్పవు. మీ వ్యాపారం వల్ల ఎవరి హక్కు పోతోందో వెతకమంటాయి. మీకున్న పలుకుబడితో దాన్ని ఆపమంటాయి. పలుకుబడి చాలకపోతే పెంచుకోమంటాయి. అదీ కుదరకపోతే, వెళ్లిపోతే కలిగే నష్టాన్ని కూడా లెక్కవేసుకుని తప్పుకోవడం ఆలోచించమంటాయి.

అంటే ‘వెళ్లాలా, మానాలా’ అనే రెండు గడులకు మధ్య చాలా పని ఉంది. సైన్యానికో, పాలకుల బంధువులకో చెందిన హోటల్ తీసేసి వేరే చోట దింపొచ్చు. జనాన్ని ఖాళీ చేయించి కట్టిన రిసార్టును జాబితాలోంచి తీసేయొచ్చు. టూరిస్టుకు ఇచ్చే కాగితంలో ఆ చోటు చరిత్రను దాచకుండా రాయొచ్చు. ఈ పని ఏదీ చేయకుండా, ఏ దేశాన్నీ బహిష్కరించబోమని గొప్పగా చెప్పుకునే కంపెనీ తన లాభాన్నే కాపాడుకుంటోంది.

ఇక కూలిపోయేవాళ్ల సంగతి. నడపాలనేవాళ్ల వాదనలో బలమైనది ఇదే. పేదల పేరు చెప్పి తన వ్యాపారం సాగించుకునే కంపెనీని మాత్రం ఒకటి అడగాలి: ప్యాకేజీ డబ్బులో గైడుకు ఎంత, పాత్రలు కడిగే మనిషికి ఎంత, గదులు ఊడ్చే మనిషికి ఎంత చేరుతోంది? ఆ లెక్క చెప్పలేని కంపెనీకి వాళ్ల తరఫున మాట్లాడే అర్హత లేదు. నిజంగా టూర్లు ఆపాల్సి వస్తే, ఇన్నాళ్లు తన కోసం పనిచేసిన స్థానికులకు కొన్ని నెలల జీతమో పరిహారమో ఇచ్చి ఆపాలి. త్యాగం అంతా గైడుది, మంచి పేరంతా కంపెనీది అయితే ఆ బహిష్కరణలో న్యాయం లేదు.

ప్రశ్న మన దేశం వైపు తిరిగితే

కులహింస కారణంగా విదేశీ కంపెనీలు భారతదేశానికి టూర్లు ఆపాలా? ఈ ప్రశ్నను తప్పించుకుని బర్మా గురించి మాట్లాడితే మనది నిజాయితీ కాదు.

2001లో డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగినప్పుడు, కులాన్ని అక్కడ చర్చించకూడదని భారత ప్రభుత్వం పట్టుబట్టింది. దళిత సంఘాలు అక్కడికి వెళ్లి ప్రపంచం ముందు తమ గోడు వినిపించాయి. 2002లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ, పుట్టుకను బట్టి చూపే వివక్షలో కులం కూడా వస్తుందని స్పష్టం చేసింది. ఆ పోరాటం అడిగింది ‘మా దేశానికి రావొద్దు’ అని కాదు. ‘మా దేశం దాస్తున్నదాన్ని చూడండి’ అని.

ఊనా తర్వాత జరిగింది ఇంకా సూటిగా ఉంటుంది. గుజరాత్ టూరిజం ప్రకటనల్లో అమితాబ్ బచ్చన్ ఆ రాష్ట్ర సువాసనను చూడమని పర్యాటకులను పిలిచేవారు. దళిత కార్యకర్తలు ఆయనకు పోస్టుకార్డులు రాశారు. ఎత్తేవాళ్లు లేక కుళ్లుతున్న కళేబరాల దుర్వాసనను కూడా వచ్చి చూడమన్నారు. టూరిస్టుకు దారి మూయలేదు, ఇంకో దారి చూపించారు.

అందుకే, మనల్ని అడగకుండా మన పేరుతో ఏదో కంపెనీ భారత్‌ను జాబితాలోంచి తీసేస్తే, అది మన పోరాటానికి చేసిన సాయం అనుకోనక్కర్లేదు. అలాగే కోటలు, గుడులు, ‘పల్లె జీవితం’ అమ్ముతూ, ఆ పల్లెలో వాడ ఎక్కడుందో, గుడిలోకి ఎవరు పోలేకపోయారో చెప్పని కంపెనీ కూడా తప్పించుకోకూడదు.

1934లో అంబేడ్కర్, దాదాపు 30 మంది సహచరులు ఎల్లోరా బౌద్ధ గుహలు చూడాలని బయల్దేరి, దారిలో దౌలతాబాద్ కోటకు వెళ్లారు. అప్పట్లో అది నిజాం రాజ్యంలో ఉండేది. ప్రయాణం దుమ్ము కడుక్కోవడానికి కోట ముందున్న చెరువు నీళ్లతో ముఖం, కాళ్లు కడుక్కుంటే, చెరువును మైలపరిచారని గొడవ చేశారు. చివరికి లోపల ఎక్కడా నీళ్లు ముట్టకూడదని ఆంక్ష పెట్టి, సాయుధుడైన కాపలాదారును వెంట పంపి కోట చూడనిచ్చారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయన ఈ సంగతి రాశారు. ఈరోజు ఆ కోటను టూర్ ప్యాకేజీలో చూపించే ఎంతమంది గైడ్లు దీన్ని చెబుతారు?

కంపెనీని అడగాల్సినవి

ఏ దేశం విషయంలోనైనా, ఏ కంపెనీ ముందైనా మన సంఘాలు, విద్యార్థులు ఈ ఐదు ప్రశ్నలు పెట్టొచ్చు.

1. రావొద్దని అడిగింది అక్కడ పోరాడుతున్నవాళ్లేనా? వాళ్లలో అట్టడుగున ఉన్నవాళ్ల మాట విన్నారా?
2. అక్కడి అణచివేతకు, మీ వ్యాపారానికి నేరుగా సంబంధం ఉందా? ఖాళీ అయిన ఊరు, వెట్టి, లాక్కున్న భూమి మీ ప్యాకేజీలో ఉన్నాయా?
3. డబ్బు ఎవరి చేతికి పోతోంది? ఆ చేతిని తప్పించి నడిపే దారి వెతికారా?
4. ఏం మారితే బహిష్కరణ ఆపుతారు? అది ముందే ప్రకటించారా?
5. నష్టంలో మీ వాటా ఎంత, మీ దగ్గర పనిచేసే స్థానికుల వాటా ఎంత?

మొదటి రెండింటికీ అవునని జవాబొస్తే కంపెనీ టూర్లు ఆపాలి. లాభం పోతుందనే కారణం అక్కడ చెల్లదు. పిలుపే లేకపోతే ఆగిపోవడం కంటే, డబ్బు దారి మార్చడం, నిజం చెప్పడం ముందు చేయాల్సిన పనులు. పిలుపు మారినప్పుడు కంపెనీ కూడా మారాలి. బర్మాలో పిలుపిచ్చినవాళ్లు 2011లో మార్చుకున్నారు. ఆ తర్వాత రోహింగ్యాలను వినాల్సిన రోజు వచ్చింది. అందుకే ఈ ప్రశ్నలను ఒకసారి అడిగి వదిలేస్తే చాలదు, ప్రతి ఏడాదీ మళ్లీ అడగాలి.